పెద్దపీరు ఎత్తిన మామ

పోయిన వారం కడప నుంచి మైదుకూరు పోయే బస్సులో ఒక పెద్దాయన లేచి నిలబడి, "రవంత ఆపప్పా" అన్నాడు. కండక్టరు తల ఎత్తకుండానే, "ఇంతసేపూ బస్టాండులోనే గదా నిలబడింది, అప్పుడేం చేస్తాంటివి?" అన్నాడు. వెనక సీట్లో ఎవరో నవ్వారు. పెద్దాయన మళ్ళీ అడగలేదు. కూర్చోనూ లేదు. ముందు సీటు కడ్డీ పట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు తెలుసు. కళ్ళు పొలాల మీద ఉంటాయి, మనిషి ధ్యాసంతా బొడ్డు కింద ఉంటుంది.

నేను లేచి, "ఆపండప్పో! నా సంచిలో పాము కదలాడతాంది!" అని కేక వేశాను.

డ్రైవరు తొక్కిన బ్రేకుకు బస్సు గిర్రున తిరిగి మళ్ళీ కడప వైపు మొహం పెట్టిందంటే మీరు నమ్మరు. సరే, నమ్మొద్దు. ఆగిందని మాత్రం నమ్మండి. జనమంతా కిందికి దూకారు. అందరికన్నా ముందు దిగిన పెద్దాయన తుమ్మచెట్ల చాటుకు పోయి, నిమ్మళంగా తిరిగొచ్చాడు. నా సంచిలో ఉన్నవి ఇన్సూరెన్సు కాగితాలు, కాస్త కారాబూంది. "పాము యాడ?" అని కండక్టరు మీదికొస్తే, "నీ తిట్లకు జడిసి అదీ దిగిపోయినట్టుండాది" అన్నాను.

నాచేత ఆ బస్సును ఆపించినవాడు మా మామ. ఆయన పోయి ఏడాది దాటింది.

మామ అంటే రక్తసంబంధం కాదు. ఆయనది దూదేకుల ఇల్లు, మాది కాపుల ఇల్లు, నడిమి గోడ మాత్రం ఒకటే. మా ఊళ్ళో వరసలు మనం పుట్టకముందే ఖాయమై ఉంటాయి. నేను కళ్ళు తెరిచేసరికే ఆయన నాకు మామ, ఆయన భార్య అత్త. వయసులో ఉండగా నాపబండల లారీలకు లోడెత్తేవాడు. పొడుగరి కాదు, లావు మనిషి కాదు. బండను నిలువుగా తొడకు ఆనించుకుని, దాని చెవిలో ఏదో చెబుతున్నట్టు తల వంచి, అప్పుడు లేపేవాడు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా రెండు చేతులూ చాపి దాన్ని తూచినట్టు చేసి, "అంత బరువేం గాదులే" అనేవాడు. బోరు ఎండిందన్నా అదే మాట, కోడలు అలిగిపోయిందన్నా అదే మాట. కర్నూల్లో డాక్టరు ఆయనకు ప్రొస్టేటు గ్రంథిలో క్యాన్సరు ఉందని చెప్పినప్పుడు, వెంట వెళ్ళిన నా మొహం చూసి జాలిపడి, నా భుజం తట్టి కూడా అదే అన్నాడు.

ఆ మాట ఆయన అనలేకపోయింది ఒక్క పెద్దపీరు సంగతిలోనే.

మొహరం నెలలో మా ఊళ్ళో పీర్లు లేస్తాయి. పొడుగాటి గుంజ, కొసన లోహపు హస్తం, దానికి పట్టుగుడ్డలు, పూలదండలు, నిమ్మకాయల సరాలు. హిందువులనీ ముస్లిములనీ లేకుండా ఊరంతా మొక్కుకుంటుంది. ఆఖరి రోజు పీర్లను ఎత్తుకుని వీధులన్నీ తిరిగి, ఊరి బయట వంకకు తీసుకుపోయి కడిగి తెస్తారు. అన్నిటికన్నా ఎత్తూ బరువూ పెద్దపీరే. గాలికి పైన గుడ్డలు ఉబ్బాయంటే మోసేవాణ్ణి ఈడ్చుకుపోతుంది. అది తూలినా, కింద పడినా ఊరికి కీడని అందరి భయం. దాన్ని మామ నాయన ఎత్తాడు, ఆయన తర్వాత మామ ఎత్తుతూ వచ్చాడు. ఎత్తేవాడి ఒళ్ళు శుద్ధంగా ఉండాలి. ఒంటికి పోసివచ్చినా సరే, కడుక్కోకుండా గుంజ మీద చెయ్యి వెయ్యకూడదని వాళ్ళ నాయన పెట్టిన కట్టుబాటు.

ఆపరేషను జరిగింది. ఒంటికి పోయడానికి పెట్టిన గొట్టం తీసేశారు. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు మామ నన్ను బండల ఫ్యాక్టరీ వెనక, కోసిన ముక్కలు కుప్పపోసే చోటికి పిలిచాడు.

"నీకొక మాట చెప్తా అల్లుడా. ఎవురికీ చెప్పాకు. చెప్పినా ఏం గాదులే, నీ మాట ఊర్లో ఎవురు నమ్ముతారు? అందుకే నీకు చెప్తాండా."

నిజమే. పాలసీలు అమ్మీ అమ్మీ, కతలు చెప్పీ చెప్పీ నేను కూడబెట్టుకున్న ఆస్తి అదొక్కటే.

"ఉచ్చ ఆగడం లే" అన్నాడు మామ. "తుమ్మితే కారతాది, లేస్తే కారతాది, నవ్వితే కారతాది. నువ్వు నా ముందర కతలు చెప్పాకు. నీ ఒక్కో కతకు నాదొక్కో పంచె తడుస్తాంది."

"అత్తకు తెల్సా?"

"తెల్దు. ఫ్యాక్టరీ తొట్టికాడ నా పంచెలు నేనే ఉతుక్కుంటాండా." ఒక రాతిముక్కను కాలితో పక్కకు నెట్టాడు. "కారేది గాదు అల్లుడా నా బాధ. పండక్కు ఇంకా టైముండాది. అప్పటికి ఇది ఆగాల. ఆగకుంటే నేను పీరును ముట్టేదే లే."

ఆయన చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి, తూచడానికి లేవలేదు.

కర్నూలు ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి దగ్గరికి మేమిద్దరమే పోయాం. ఆ అమ్మాయి సిగ్గుపడకుండా, ఆయన్ను సిగ్గుపడనివ్వకుండా చెప్పింది.

"తాతా, ఒంటికి పోసేటప్పుడు మధ్యలో ఆపాలంటే ఏ కండను బిగిస్తావు? ఆ కండనే లోపలికి, పైకి లాగినట్టు బిగించాల. పిర్రలు గాదు, పొట్ట గాదు. ఊపిరి మామూలుగా ఆడతానే ఉండాల. మళ్ళా పూర్తిగా వదిలెయ్యాల."

మామ బిగించాడు. కళ్ళు పెద్దవయ్యాయి, మెడ నరాలు పైకి తేలాయి.

"మొహం గాదు తాతా బిగించేది!" అని ఆ అమ్మాయి తల పట్టుకుంది. "ఇంకోటి విను. క్యాన్సరు పెరక్కుండా నువ్వు వేయించుకుంటాండే హార్మోను ఇంజక్షన్లకు కండ కరుగుతాది, ఎముక గుల్లబారతాది. కూర్చుంటే ఇంకా చెడతావు. రోజూ నడువు. చిన్న బరువులతో మొదలుపెట్టి మెల్లగా పెంచు. నీళ్ళు మాత్రం మానాకు. తక్కువ తాగితే తక్కువ కారతాది అనుకుంటారు అందురూ. మంట ఎక్కువయ్యేది, కళ్ళు తిరిగి పడేది దానికే."

"బరువంటే... నిలువు గుంజ లాంటిదైతేనమ్మా?"

"యాల తాతా, ఇల్లు కడతాండావా?"

"కడతాండా" అన్నాడు మామ. ఆయన నోట అబద్ధం వినడం నాకదే మొదలు. శిష్యుణ్ణి చూసినట్టు గర్వంగా చూశాను.

ఆ రోజు నుంచి మామ ఎక్కడుంటే అక్కడ బిగించడమే పని. టీ తాగుతూ బిగించేవాడు, అంగట్లో ఉల్లిగడ్డలు ఏరుతూ బిగించేవాడు. మాట మధ్యలో ఉన్నట్టుండి నిలిచిపోయి, ఒక కనుబొమ్మ మాత్రం పైకి లేచేది. ఒకసారి గట్టు తగాదా పడిన అన్నదమ్ములిద్దరు ఆయన ముందు అరుచుకుంటున్నారు. మామ మొహం బండలా అయింది, కనుబొమ్మ లేచింది. ఎంతకీ దిగలేదు. ఆయన కోపం చూసి బెదిరిన అన్నదమ్ములు అక్కడికక్కడే గట్టు సమానంగా పంచుకుని, కౌగిలించుకుని వెళ్ళారు. మామ ఊపిరి వదిలి, "ఏమంటాండారు వాళ్ళు?" అని నన్నడిగాడు. కౌగిలించుకున్నది మాత్రం నేను కలిపాను.

నవ్వుకోవడానికి అలాంటివి కొన్ని ఉన్నా, పండగ దగ్గరపడే కొద్దీ నాకు భయం పట్టుకుంది. ఇంజక్షన్లు ఆయన్ను లోపలి నుంచి తినేస్తున్నాయి. చలికాలం పొద్దున కూర్చున్నవాడు కూర్చున్నట్టే చెమటలో మునిగేవాడు. బండలు మోసిన జబ్బలు జారిపోయాయి. ఒకరోజు గోడవతల నుంచి గొంతు తగ్గించి అన్నాడు.

"మీ అత్తతో చెప్పినా అల్లుడా, నేనింక మగోణ్ణి గాదే అని. ఏమనిందో తెల్సా? 'నాకు మొగుడు గావాలగానీ గిత్త గాదు గదా, గమ్మున పండుకో' అనింది."

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు సగంలో తెగింది. భుజం మీది తువ్వాలును నడుముకు చుట్టుకుని లోపలికి పోయాడు.

బరువుకు ఆయన ఎంచుకున్నది గడ్డపార. దాన్ని పీరులాగే నిలువుగా పట్టి, గుంజ అడుగు దోపుకునే చోట నడుముకు ఆనించి, పొద్దున్నే పాత గనుల దోవన నడిచేవాడు. మొదట్లో మలుపు దాకా పోయి రొప్పుతూ కూలబడేవాడు. తర్వాత గుట్ట దాకా పోయాడు. ఆ తర్వాత గడ్డపార కొసకు తడిగోనె చుట్టాడు, గాలికి ఊగే బరువు తెలియాలని. చేతుల్లోకి మళ్ళీ ఉలి చెక్కినట్టు నరాలు వచ్చాయి. తుమ్మినా పంచె ఆరే ఉంటోందని ఒకనాడు నా చెవిలో చెప్పి, నా ముందే మిరపపొడి వాసన పీల్చి తుమ్మి చూపించాడు. ఇంకా గట్టిగా బరువు లేపినప్పుడు మాత్రం రెండు చుక్కలు.

మా సీమలో ఒక మనిషి తెల్లవారుతూనే గడ్డపార పట్టుకుని గుట్టల్లోకి పోతే ఊరు ఏమనుకుంటుందో వేరే చెప్పాలా? గుప్తనిధులు! మామకు లంకెబిందెల ఆనవాలు దొరికిందని పుకారు లేచింది. "ఏం లేదప్పా, ఆయన ఒళ్ళు వంచుతాండాడు, అంతే" అని నేను చెప్పాను. "ఇతను కాదంటాండాడంటే ఔననే గదా!" అని తేల్చేశారు. ఇక ఆయన వెనక, చాటుగా, నలుగురైదుగురు. ఆయన ఒంటికి పోసుకోవడానికి ఏ పొద చాటుకు పోతే, ఆయన అక్కణ్ణుంచి కదలగానే ఆ పొదకింద తవ్వేవారు. గనుల దోవంతా గుంతలే. ఒక గుంతలో నీళ్ళు పడ్డాయని కూడా నేను చెప్పుకున్నాను గానీ, దాన్ని వదిలెయ్యండి.

నవ్వొచ్చే సంగతే. కానీ ఆగి పొద చాటుకు పోయే వీలు మామకు లేకుండా పోయింది. అందుకని నడకకు ముందు నీళ్ళు మానేశాడు. నీళ్ళు మానితే పంచె ఆరి ఉంది. ఆ అమ్మాయి చెప్పింది మరిచిపోయాడు. కాదు, మరిచిపోలేదు. తన మందు తనకు దొరికిందనుకున్నాడు.

పండగ మొదలైంది. జూలై వచ్చినా చినుకు లేదు. పీర్లు నిలిపిన చావిడి ముందు, మామ తమ్ముడు ఆయన చేతులు పట్టుకుని చూశాడు.

"అన్నా, ఈ తూరి నేనెత్తుతాలే. ఎముకలు బాగలేదని డాక్టరే చెప్పె గదా."

"నా ఎముకలు నువ్వు లెక్కబెట్టినావా?"

"పడితే నీకొక్కనికే గాదు అన్నా కీడు, ఊరికి."

"పడేది లే."

ఆఖరి రోజు మధ్యాహ్నం స్నానం చేసి, నమాజుకు ముందు చేసినట్టు కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని వచ్చినప్పుడు మామ పెదవులు చూశాను. తెల్లగా పొలుసులు కట్టి ఉన్నాయి.

"నీళ్ళు తాగినావా మామా?"

"నిన్న మాపటేల తాగినా. అయిపోయినంక వంకకాడ తాగుతా."

"ఈ ఎండకు? పడిపోతావు మామా!"

"ఒక్క చుక్క గూడా కారగూడదు అల్లుడా ఈ పొద్దు. ఒక్క చుక్క." కనుబొమ్మ లేవలేదు. కళ్ళు మాత్రం నన్ను బతిమాలాయి. "నువ్వు గమ్మునుండు."

గమ్మునున్నాను. డప్పులు మొదలయ్యాయి. మామ గుంజ అడుగును నడుముగుడ్డలో దోపి, తల వంచి, దానితో ఏదో చెప్పి, లేపాడు. పెద్దపీరు లేచింది. జనం ఒక్క గొంతుతో అరిచారు. నా కళ్ళు మాత్రం ఆయన పంచె మీదే. పొడిగా ఉంది.

మా ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్ళు బిందెలతో కాసుకుని ఉంటారు. పీరు రాగానే, ఎత్తినవాడి కాళ్ళ మీద నీళ్ళు పోసి, ఆ జారిన నీళ్ళను వేళ్ళతో అద్ది కళ్ళకు పెట్టుకుంటారు, పిల్లల నొసటికి రాస్తారు. ఇంటింటికీ బిందె ఒంపుతున్నారు. దాహంతో మాడిపోతున్న మనిషి కాళ్ళ మీంచి నీళ్ళు పారిపోతున్నాయి. ఆయన వాటి వైపు చూడటం లేదు.

వీధి మలుపు దగ్గర గాలి లేచింది. పైన పట్టుగుడ్డలు ఒక్కసారి ఉబ్బాయి. మామ రెండడుగులు పక్కకు పోయాడు. మళ్ళీ ఇటు. కళ్ళు పైకి తేలిపోయాయి.

"దిగినాడు! సామి దిగినాడు!" అని ఎవరో అరిచారు. పూనకమనుకున్నారు. డప్పుల జోరు పెరిగింది. జనం మీద పడుతూ, "వాన ఎప్పుడొస్తాది సామీ? చెప్పు సామీ!" అని అడుగుతున్నారు. ఆయన పెదవులు కదలడం లేదు. గుంజ వాలుతోంది.

"పూనకం గాదప్పా!" అని నేను గొంతు చించుకున్నాను. "నిన్నట్నించి గుక్కెడు నీళ్ళు తాగలే! కళ్ళు తిరుగుతాండాయి! నీళ్ళియ్యండి!"

"ఈయప్పకు ఈడ గూడా కతలేనా!" అని నన్ను ఒకడు వెనక్కి నెట్టాడు. అరిచే కొద్దీ నేను వెనక్కే పోతున్నాను. బతుకులో ఒక్కసారి నిజం అమ్మబోతే కొనేవాడు లేడు.

తమ్ముడు రెండు చేతులూ చాచి గుంజను ఆనుకున్నాడు. అంతలో జనాన్ని మోచేతులతో చీల్చుకుంటూ అత్త వచ్చింది. చేతిలో చెంబు. కాళ్ళ మీద పోయలేదు. ఆయన గడ్డం పట్టుకుని పైకెత్తి, చెంబు నోటికి ఆనించింది. మామ పళ్ళు బిగించాడు. నీళ్ళు మెడ మీంచి కారిపోయాయి.

"తాగు" అంది అత్త.

మామ తల అడ్డంగా ఊపాడు.

"తాగంటాండా! కారితే కారనీ! నాకు తెల్దనుకుంటివా? తొట్టికాడ నువ్వు పిండుకొచ్చిన పంచెల్ని నేను మళ్ళా ఉతుకుతానే ఉండా. సబ్బు గూడా సరిగ్గా పెట్టను రాదు నీకు!"

డప్పులు ఆగిపోయాయి. దగ్గరున్న వాళ్ళు విన్నారు, విన్నవాళ్ళు వెనకవాళ్ళకు చెప్పారు. ఆ మాట వీధి చివరిదాకా పోవడం నాకు కనిపించింది. మామ కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నోరు తెరిచాడు. చెంబెడు నీళ్ళూ తాగాడు. అత్త ఇంకో చెంబు తెచ్చింది. అదీ తాగాడు.

కళ్ళలోకి మనిషి తిరిగొచ్చాడు. తమ్ముడు ఆనుకున్న గుంజను మళ్ళీ తన నడుముకు లాక్కుని, ఒళ్ళంతా బిగించి నిటారుగా లేపాడు. పెద్దపీరు నిలబడింది. అదే క్షణాన ఆయన పంచె మీద, తొడ నుంచి మోకాలి దాకా, తడి ఒక చారలా దిగింది. బిందె నీళ్ళు తడిపేది మోకాలి కిందనే. ఇది ఎక్కడిదో చూస్తున్న ప్రతివాడికీ తెలుసు. మామ కిందికి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"తీస్కో" అన్నాడు తమ్ముడితో, గుంజను అతని వైపు వంచి. "నేనింక ముట్టగూడదు."

తమ్ముడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నువ్వెత్తినావు. వంకదాకా నువ్వే తీస్కపోవాల. నేను పక్కన నడుస్తా."

"కట్టుబాటు రా."

తమ్ముడు చేతులు ముందుకు తేలేదు. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడింది. మామ ఒక్కడే గుంజ పట్టుకుని నడివీధిలో, ముందుకు అడుగు వెయ్యలేక, దించలేక.

తర్వాతి ఇల్లు అంతకు రెండేళ్ళ ముందు మా ఊరికి కోడలిగా వచ్చిన పిల్లది. చంకలో ఆడబిడ్డ, నడుము మీద బిందె. అందరి చూపులూ ఆ పిల్ల మీదికి తిరిగాయి. ఆమె అత్తగారు గడపలో నిలబడి చూస్తోంది. ఆ పిల్ల మామ మొహం చూసింది, పంచె చూసింది, పైన ఊగుతున్న పీరును చూసింది. నాలుగడుగులు ముందుకొచ్చి, వంగి, బిందె నీళ్ళు ఆయన పాదాల మీద ఒంపింది. రాతి మీద పారుతున్న ఆ నీళ్ళలో వేళ్ళు ముంచి, ముందు తన కళ్ళకు అద్దుకుంది. తర్వాత బిడ్డ నొసటికి రాసింది.

మామ గుంజను గట్టిగా పట్టుకున్నాడు.

"నిదానంగా లెయ్యమ్మా" అన్నాడు. "బండ జారతాది. బిడ్డ బద్రం."

అని, ఆ పిల్ల లేచి పక్కకు తప్పుకునేదాకా ఆగి, అడుగు ముందుకేశాడు.